17 ఏళ్ల అబ్బాయికి పాత మజిల్ కారు: డెట్రాయిట్ శివార్లలో ఒక కొనుగోలు కేసు

మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్‌కు వాయవ్యంగా ఉన్న ఓక్‌లాండ్ కౌంటీలో పాత అమెరికన్ కార్లను బాగుచేయడం, కొనేవారి తరఫున ముందుగా వెళ్లి కారును పరీక్షించి రాతపూర్వకంగా నివేదిక ఇవ్వడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ఉద్యోగ విరమణకు దగ్గరపడినవారు. కుర్రతనంలో చూసి ఊరుకున్న కారును ఇప్పుడు చేతిలో నాలుగు డబ్బులు ఆడుతుండగా కొనుక్కునే రకం. ఇక్కడ వివరిస్తున్న కేసులో కొనేది 17 ఏళ్ల హైస్కూలు విద్యార్థి, అదీ కారును గరాజ్‌లో కప్పి ఉంచుకోవడానికి కాదు, మంచు కురవని నెలల్లో బడికీ, సాయంత్రం చేసే చిన్న ఉద్యోగానికీ నడుపుకోవడానికి. ఈ తేడా వల్ల తనిఖీలో నేను మామూలుగా పాటించే ప్రాధాన్యాల వరుస మొత్తం మారింది కనుక, ఇదే ఆలోచనలో ఉన్న ఇళ్లకు పనికొస్తుందని ఆ కుటుంబం అనుమతితో రాస్తున్నాను.

తండ్రిది విజయవాడ, ఆటోనగర్‌కు కూతవేటు దూరంలో పెరిగినవారు కాబట్టి టింకరింగ్, పెయింటింగ్ పనులంటే ఏమిటో, పుట్టీ కింద ఎంత దాచవచ్చో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే గ్యాలన్‌కు 15 మైళ్లయినా ఇవ్వని 50 ఏళ్ల నాటి బండికి డబ్బు పెట్టడం ఆయనకు బొత్తిగా మింగుడు పడలేదు. తల్లి ఒక ఆస్పత్రి ఎమర్జెన్సీ విభాగంలో డాక్టరు. ఆమె కారు అందచందాల గురించి ఒక్క మాటైనా అడగలేదు. బెల్టులు ఎలా ఉంటాయి, బ్రేకులు ఎలా ఉంటాయి, గుద్దుకుంటే స్టీరింగు గుండెకు తగులుతుందా అన్న మూడే ప్రశ్నలు వేశారు. తరువాత చూస్తే కేసు మొత్తాన్ని నడిపించినవి ఆ మూడు ప్రశ్నలే. అబ్బాయి తన జీతంలో దాచుకున్నదీ, తల్లిదండ్రులు కలిపేదీ అన్నీ చేర్చి 22,000 డాలర్లు, అందులోనే పన్ను, మొదటి ఏడాది మరమ్మతులు కూడా ఇమడాలి అన్నది హద్దు.

అతనికి ఈ పిచ్చి పట్టింది వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద. 1995లో మొదలైన ఆనవాయితీ ప్రకారం ఆగస్టు మూడో శనివారం ఫెర్న్‌డేల్ పట్టణం మొదలు పాంటియాక్ పట్టణం దాకా ఆ రోడ్డు వెంట వేలాది పాత కార్లు బారులు తీరుతాయి. అక్కడ చూసిన 1970 షెవ్రొలే షెవెల్ ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) అతని మనసులో నాటుకుపోయింది. "అంకుల్, ఎస్ఎస్ కాకపోతే నాకు వద్దు" అన్నది మొదటి రోజు అతను నాతో అన్న మాట.

ఎస్ఎస్ అంటే ఏమిటన్నది అతనికి ముందు వివరించవలసి వచ్చింది, ఎందుకంటే మజిల్ కార్ల, అంటే పెద్ద ఇంజను పెట్టిన పాత అమెరికన్ కార్ల, బజారులో జరిగే మోసాలన్నిటికీ మూలం అక్కడే ఉంది. 1960ల మొదట్లో జనరల్ మోటార్స్ తన మధ్యతరహా కార్లలో సిలిండర్ల ఘనపరిమాణం 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని అంతర్గతంగా ఒక కట్టడి పెట్టుకుంది. ఆ కంపెనీలోనే పాంటియాక్ అనే కార్ల విభాగం 1964లో పెద్ద కారుకు ఉద్దేశించిన 389 క్యూబిక్ అంగుళాల వీ8ను, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజనును, టెంపెస్ట్ లెమాన్స్ అనే మధ్యతరహా కారులో పెట్టి, దాన్ని కొత్త మోడలుగా కాకుండా జీటీఓ అనే ఆప్షన్ ప్యాకేజీగా అమ్మి ఆ కట్టడిని తప్పించుకుంది. ఆ దారినే మిగతా కంపెనీలూ నడిచాయి. కనుక మజిల్ కారు అనేది, చాలా సందర్భాల్లో, ఊరందరూ కొన్న మామూలు రెండు డోర్ల కారుకు పెద్ద ఇంజను, గట్టి స్ప్రింగులు, మంచి బ్రేకులు, కొన్ని బ్యాడ్జీలు కలిపిన ఆర్డరు ఫారం. ఆ బ్యాడ్జీలు ఈనాడు కొత్తవి తయారుచేసి అమ్ముతున్నారు. బానెట్లు, సీటు కవర్లు, చారల స్టిక్కర్లు, ఆఖరికి డోరు మీద బిగించే సమాచార ఫలకాలు కూడా దొరుకుతాయి. మామూలు కారును ఎస్ఎస్‌గా మార్చడానికి ఒక శీతకాలం చాలు.

దీన్ని తిప్పి చూస్తే రెండో అర్థం కనబడుతుంది, ఈ కేసులో నా వాదనంతా దానిపైనే నిలిచింది. అదే బాడీ, అదే ఛాసిస్, అదే డ్యాష్‌బోర్డుతో, చిన్న వీ8తో పుట్టి, అలాగే మిగిలిన మామూలు తోబుట్టువు ఒకటి ప్రతి మజిల్ కారుకూ ఉంటుంది. దానికి అబద్ధం చెప్పవలసిన అవసరం ఎవరికీ రాలేదు కాబట్టి దానిలో దాపరికం తక్కువ. శుద్ధవాదులు దాన్ని మజిల్ కారనరు. అనకపోతే పోనివ్వండి.

వెతుకులాట మొదలుపెట్టకముందే రెండు పనులు చేయించాను. మొదటిది బీమా. తండ్రి దీన్ని చివరలో చూసుకోవచ్చని అనుకున్నారు. నేను మాత్రం ఏ కారునూ చూడకముందే ఏజెంటుతో మాట్లాడమన్నాను. పాత కార్లకు ముందుగానే విలువ ఒప్పుకుని ఇచ్చే ప్రత్యేక పాలసీలు చవకే కానీ, అవి రోజువారీ వాడకాన్ని ఒప్పుకోవు, వాటిలో చాలావాటికి డ్రైవరు కొన్నేళ్ల అనుభవం ఉన్నవాడై, అతనికి వేరే మామూలు కారు ఉండాలి. కాబట్టి టీనేజి డ్రైవరు పేరు చేర్చిన మామూలు పాలసీయే శరణ్యం. మిషిగన్‌లో అది అసలే ఖరీదు. 396, 454 క్యూబిక్ అంగుళాల ఇంజన్లకు వచ్చిన కొటేషన్లు చూశాక, పెద్ద ఇంజను మాట ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు. కుర్ర డ్రైవర్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. 1970 ప్రాంతంలో మజిల్ కార్ల అమ్మకాలు పడిపోవడానికి పెట్రోలు కంటే ముందు కారణమైంది ఇలాంటి బీమా భారమే. 1973 చమురు సంక్షోభం వచ్చేనాటికి వాటి పని సగం అయిపోయింది.

బీమాతోపాటే నంబరు ప్లేటు సంగతి కూడా తేల్చుకోవాలి. 25 ఏళ్లు దాటిన వాహనానికి మిషిగన్ ఇచ్చే హిస్టారిక్ ప్లేటు చవకే కానీ, అది ప్రదర్శనలకు, ఊరేగింపులకు, క్లబ్బు కార్యక్రమాలకు, ఆగస్టు నెలలో షికార్లకు మాత్రమే పనికొస్తుంది. బడికి వెళ్లే కారుకు మామూలు ప్లేటే కావాలి.

రెండో పని, తల్లి ప్రశ్నలకు జవాబుగా, తయారీ సంవత్సరానికి ఒక గీత గీయడం. అమెరికా ప్రభుత్వ వాహన భద్రతా ప్రమాణాలు 1968 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అప్పటినుంచి ముందు సీట్ల రెండు పక్కలా భుజం మీదుగా వచ్చే బెల్టు, దెబ్బకు లోపలికి కుంగే స్టీరింగు కాలమ్, ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ వేర్వేరు సర్క్యూట్లున్న బ్రేక్ మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని బ్రేకులకు పంపే భాగం) తప్పనిసరి అయ్యాయి. 1969 జనవరి 1 నుంచి మెడకు ఆనే హెడ్ రెస్ట్రెయింట్లు చేరాయి. అంతకుముందరి చాలా కార్లలో మాస్టర్ సిలిండరుకు ఉన్నది ఒకే గది, అంటే ఎక్కడో ఒక గొట్టం చిట్లితే నాలుగు చక్రాలకూ బ్రేకు ఒక్కసారే పోతుంది. మిషిగన్‌లో వాహనాలకు ఏడాదికోసారి జరిగే ప్రభుత్వ భద్రతా తనిఖీ లేదు, పొగ పరీక్షా లేదు. కారును రోడ్డెక్కించే ముందు దాని కిందికి దూరి చూసేవాడు కొనేవాడే, లేదా అతను పెట్టుకున్న మనిషే. అందుకని 1969 మోడలు నుంచి ఇటువైపు కార్లే చూద్దామని చెప్పాను. పైన, 1972 తరువాతివి కాలుష్య నిబంధనల వల్ల మందకొడిగా మారాయి కాబట్టి అబ్బాయి తన వైపు నుంచి 1972 దగ్గర గీత గీశాడు.

మొదట చూసింది 1970 షెవెల్. ఎస్ఎస్ 396 అని ప్రకటన, అడుగుతున్నది 24,500 డాలర్లు. బడ్జెట్టుకు మించినదే అయినా, నిజమైన ఎస్ఎస్ ఆ ధరకు రాదన్న సంగతిని నోటితో చెప్పడం కంటే చూపించడం మేలనిపించి అతన్ని వెంటబెట్టుకుని వెళ్లాను.

పుట్టుక నంబరు, అంటే విన్, 13637తో మొదలైంది. దానికి అర్థం షెవ్రొలే, వీ8 మాలిబు (షెవెల్‌లో ఒక రకం), రెండు డోర్ల హార్డ్‌టాప్ (పక్క కిటికీల మధ్య స్తంభం లేనిది) అని మాత్రమే. 1966 నుంచి 1968 వరకు అయితే 138తో మొదలైతే ఎస్ఎస్ అని నంబరే చెప్పేది. 1969 నుంచి ఎస్ఎస్ మళ్లీ ఆప్షన్ అయిపోవడంతో నంబరు మౌనం వహిస్తుంది. ఫోర్డ్ కార్లకు 1967 నుంచి తయారీ రికార్డుల ఆధారంగా మార్టీ సంస్థ నివేదిక ఇస్తుంది, పాంటియాక్‌కు కూడా అలాంటి పత్రాల సేవ ఉంది. అమెరికాలో తయారై అమెరికాలోనే అమ్ముడైన షెవెల్‌కు ఆ సదుపాయం లేదు. కాబట్టి కారులో ఏమేమి బిగించాలో రాసిన ఫ్యాక్టరీ బిల్డ్ షీట్ దొరకాలి, లేదా ఇనుమునే అడగాలి. బిల్డ్ షీట్ లేదన్నారు.

ఇనుమును అడిగాం. 1970 ఎస్ఎస్ ప్యాకేజీలో ముందు చక్రాలకు పవర్ డిస్క్ బ్రేకులు భాగం. ఈ కారుకు ముందు కూడా డ్రమ్ములే ఉన్నాయి. వెనుక యాక్సిల్ మూత చుట్టూ బోల్టులను అబ్బాయి చేత లెక్కపెట్టించాను. ఎస్ఎస్‌కు రావలసింది 12 బోల్టుల యాక్సిల్, అతను పది దగ్గర ఆగిపోయి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. ఇంజను పెద్దదే కానీ, బ్లాకు మీద పోతపోసిన తేదీలో మొదటి అక్షరం నెలను, చివరి అంకె సంవత్సరాన్ని సూచిస్తుంది. ఇక్కడ చివరి అంకె 5. 5తో ముగిసే ఏడాదిలో పోసిన బ్లాకు 1970 కారుతోపాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చే అవకాశం లేదు. 1968 నుంచి బ్లాకు ముందు భాగంలో గుద్దవలసిన కారు వరస నంబరు స్థానంలో నున్నగా రుద్దిన లోహం ఉంది. అమ్మకందారు తాను ఎస్ఎస్ అనుకునే కొన్నానన్నాడు. అది నిజమే కావచ్చు, ఇలాంటి కార్లు చేతులు మారుతూ మారుతూ కథను కూడగట్టుకుంటాయి.

అయినా ఆ కారును నేను కాదన్నది నకిలీ అయినందుకు కాదు. నకిలీ అని తెలిసి, తగిన ధరకు కొంటే అదీ ఒక కారే. వెనుక చక్రం దాటాక ఛాసిస్ పట్టీ పైకి వంపు తిరిగే చోట స్క్రూడ్రైవరుతో నొక్కితే మొన లోపలికి దిగిపోయింది. మిషిగన్ రోడ్ల మీద శీతకాలమంతా చల్లే ఉప్పు సరిగ్గా ఆ వంపులోనే చేరి నిలుస్తుంది. పైన నల్లటి రబ్బరు పూత కొత్తగా నిగనిగలాడుతోంది. తుప్పు మీద పూత వేస్తే లోపలి తేమకు బయటికి దారి ఉండదు. ఛాసిస్ పోయిన కారును బాగుచేయడానికి బాడీ దింపవలసి వస్తుంది. ఇక ఆ కారు గురించి చర్చ అనవసరం.

రెండోది తండ్రి చూపించిన 1966 ఫోర్డ్ మస్టాంగ్, ఎరుపు రంగు, 14,000 డాలర్లు. నేను గీసిన గీతకు అవతలిదని గుర్తుచేశాను. ఆయన మాత్రం ధర బాగుందనీ, విడిభాగాలు మస్టాంగ్‌కు దొరికినంత తేలిగ్గా మరే పాత కారుకూ దొరకవనీ పట్టుబట్టారు. రెండో మాట ముమ్మాటికీ నిజం. మొదటి 12 నెలల్లోనే 4 లక్షలకు పైగా అమ్ముడైన కారు అది.

బానెట్ తెరవకముందే ఒక సంగతి తేలిపోయింది. ప్రకటనలో వీ8 అని ఉంది, చక్రానికి నట్లు మాత్రం నాలుగే. ఆ కాలపు మస్టాంగ్‌లో ఆరు సిలిండర్ల కారుకు నాలుగు నట్లు, వీ8 కారుకు ఐదు నట్లు ఇచ్చేవారు. విన్‌లో ఐదో స్థానంలో టీ అక్షరం కనిపించింది, అంటే 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజనుతో పుట్టిన కారు. ఎవరో తరువాత 302 వీ8 దింపి, ముందు డ్రమ్ములు, యాక్సిల్, స్ప్రింగులు మాత్రం పాతవే వదిలేశారు. వీ8 మస్టాంగ్‌కు ఫోర్డ్ పది అంగుళాల డ్రమ్ములు పెడితే, ఆరు సిలిండర్ల దానికి తొమ్మిది అంగుళాలవే పెట్టేది. పరుగు పెరిగి, ఆపే శక్తి పెరగని కారు కుర్రవాడి చేతికి ఇవ్వదగినది కాదు. మాస్టర్ సిలిండరుకు ఒకే గది, భుజం బెల్టులు లేవు, పైగా ఆ మోడల్లో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీ నేలగా పనిచేస్తుంది. తండ్రి ఈ చివరి మాట విని, డిక్కీలో పరిచిన చాపను స్వయంగా ఎత్తి చూసి, మూసేశారు.

వచ్చినందుకు పాత మస్టాంగ్‌కు తప్పక చేయవలసిన పరీక్ష ఒకటి అబ్బాయికి నేర్పాను. ముందు అద్దం అడుగున గాలి లోపలికి వెళ్లే గ్రిల్ ఉంటుంది. దాని కింద ఉన్న రేకుపెట్టెలో ఆకులు, నీళ్లు నిలిచి, హీటరు గొట్టం చుట్టూ రేకు తినేస్తుంది. పైనుంచి ఒక జగ్గు నీళ్లు నెమ్మదిగా పోసి, ఒకరు లోపల పడుకుని టార్చి లైటుతో డ్యాష్ అడుగు భాగాన్ని చూడాలి. అతను లోపల పడుకున్నాడు, నేను పోశాను. జగ్గు సగం కాకముందే ప్రయాణికుడి వైపు కార్పెట్ మీద చుక్కలు పడుతున్నాయని చెప్పాడు. ఈ రేకును మార్చాలంటే ముందు ఫెండర్లు, అద్దం తీసి, ఫ్యాక్టరీ స్పాట్ వెల్డులు ఒక్కొక్కటే డ్రిల్లు చేయాలి. ఎరుపు పెయింటు కొత్తగా ఎందుకు వేశారో దీనితో అర్థమైంది.

మూడోది 1972 ప్లిమత్ డస్టర్. ఈ పేరు మన వాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. 1970 మోడలుగా వచ్చిన ఈ కారు, వేలియంట్ అనే బడ్జెట్ కారు ముందు భాగానికి కొత్త వంపుతో వెనుక భాగం అతికించి క్రైస్లర్ చవకగా తయారుచేసింది. మొదటి ఏడాదే 2 లక్షలకు పైగా అమ్ముడైంది. 340 క్యూబిక్ అంగుళాల ఇంజనుతో వచ్చిన డస్టర్ 340 నికార్సైన మజిల్ కారు, ధర కూడా ఇప్పుడు అలాగే ఉంది. దానితోపాటే, అదే బాడీలో 318 క్యూబిక్ అంగుళాల వీ8తో వచ్చినవి అనేకం. నేను మొదటినుంచి మనసులో పెట్టుకున్న మామూలు తోబుట్టువు ఇదే. 1972 నాటికి పరిశ్రమ అంతా హార్స్‌పవరును నికరంగా, అంటే ఫ్యాను, సైలెన్సరు లాంటివన్నీ బిగించి కొలిచి, చెప్పడం మొదలుపెట్టింది కాబట్టి 318కి కాగితం మీద 150 మాత్రమే కనబడుతుంది. అంతకు రెండేళ్ల ముందు దీనికే పాత లెక్కలో 230 రాసేవారు. బండి బరువు 3,000 పౌండ్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, ఆ బరువుకు ఈ ఇంజను కుర్రవాడికి చాలినంత హుషారే ఇస్తుంది.

విన్ వీఎల్29జీ2బీతో మొదలైంది. జీ అంటే 318, 2 అంటే 1972, బీ అంటే హామ్‌ట్రామ్క్ ఫ్యాక్టరీ. డాడ్జ్ మెయిన్ అని పిలిచే ఆ ఫ్యాక్టరీ డెట్రాయిట్ నగరం కడుపులోనే ఉండేది, 1980లో మూతపడింది, దాని స్థలంలో తరువాత జనరల్ మోటార్స్ కర్మాగారం వెలిసింది. అంటే 50 ఏళ్లలో ఈ కారు పుట్టినచోటికి అర గంట దూరం దాటి స్థిరపడలేదు. ఉప్పు రోడ్ల కారు అన్నమాట, కనుక నా అనుమానం తగ్గలేదు, పెరిగింది.

అమ్మేవారికి ముందే ఫోను చేసి, మేము వచ్చేదాకా ఇంజను స్టార్టు చేయవద్దని కోరాను. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. ముందే వేడెక్కించి ఉంచిన ఇంజను పొగనూ చప్పుడునూ దాచిపెడుతుంది. రెండో ప్రయత్నానికి అందుకుంది, నీలిపొగ లేదు. ఎనిమిది సిలిండర్ల కంప్రెషన్ 135 నుంచి 145 పీఎస్ఐ మధ్య వచ్చింది. అంకె ఎంతన్నదానికంటే అన్నీ దగ్గరదగ్గరగా ఉండటం ముఖ్యం. ఈ ఇంజనుకు ఒక తెలిసిన బలహీనత ఉంది: టైమింగ్ చెయిను నడిచే పై చక్రం పళ్లకు ఫ్యాక్టరీ నైలాన్ తొడిగింది, అవి కాలక్రమంలో పెళుసుబారి రాలిపోయి ఆయిల్ పంపు జల్లెడలో చేరతాయి. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, క్రాంకును పానాతో ఒకవైపు తిప్పి, ఆపై వెనక్కి తిప్పుతూ రోటరు ఎప్పుడు కదులుతుందో అబ్బాయిని చూడమన్నాను. క్రాంకు కదిలాక రోటరు బాగా ఆలస్యంగా కదిలింది, అంటే చెయిను వదులైంది. చెయిను మార్చాలి, ఇది ఒక పూట పని.

ఆ తరువాత తుప్పు. డస్టర్‌కు ప్రత్యేక ఛాసిస్ ఉండదు, బాడీయే భారం మోస్తుంది. ముందు చక్రాల సస్పెన్షన్‌కు కాయిల్ స్ప్రింగులకు బదులు మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే పొడవాటి టార్షన్ బార్లు ఉంటాయి, వాటి వెనుక కొసలు డ్రైవరు సీటు కింద ఒక అడ్డ దూలంలో బిగుస్తాయి. ఆ దూలం తిన్నదంటే కారు తుక్కు కిందే లెక్క. లిఫ్టు మీద ఎత్తించి చిన్న సుత్తితో కొట్టి చూస్తే గట్టిగా మోగింది. బాడీలోనే కలిసి ఉండే వెనుక ఫ్రేమ్ రెయిళ్లు కూడా బాగున్నాయి. పెయింటు మందం కొలిచే మీటరుతో బాడీ అంతా తడిమితే, ఫ్యాక్టరీ పెయింటుకు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉండాల్సినచోట చాలామటుకు 250 వచ్చింది, అంటే ఒకసారి మళ్లీ పెయింటు వేశారు. ఎడమ వెనుక చక్రం దాటాక క్వార్టరు ప్యానెల్ (వెనుక పక్క రేకు) అడుగున 1,200 చూపించింది. అక్కడ అయస్కాంతం అంటుకోలేదు. పుట్టీ. డిక్కీ పక్క పొడిగింపు రేకులో బొటనవేలంత బొక్క. రెండూ భారం మోసే భాగాలు కావు, బాగుచేయడానికి వీలైనవి, బేరానికి పనికొచ్చేవి.

టైర్లకు అరుగుదల లేదు, చూడటానికి నవనవలాడుతున్నాయి. పక్క గోడ మీది కోడు చివరి నాలుగు అంకెలు 2710: 2010లో 27వ వారంలో తయారైనవి. రబ్బరు గట్టిపడిపోయింది. బ్రేకు హోసులు వంచితే పగుళ్లు విచ్చుకున్నాయి, కుడి వెనుక డ్రమ్ము లోపల వీల్ సిలిండరు కారుతోంది.

ఈ తనిఖీలో అబ్బాయి స్వయంగా సాధించింది ఒకటుంది. క్రైస్లర్ కార్లలో అసెంబ్లీ లైను మీద వాడిన బ్రాడ్‌కాస్ట్ షీట్ అనే కాగితం వెనుక సీటు స్ప్రింగుల్లోనో గ్లవ్ బాక్సు పైనో చిక్కుకుపోయి మిగులుతుందని నేను మాటవరసకు అన్నాను. అమ్మేవారి అనుమతి తీసుకుని వెనుక సీటు ఎత్తి, ఎలుకలు ఒక మూల కొరికిన, పసుపురంగుకు తిరిగిన కాగితాన్ని అతను బయటికి లాగాడు. దాని మీది నంబరు, ఫెండరు ట్యాగు (బానెట్ కింద బిగించే సమాచార ఫలకం), డ్యాష్ మీది విన్, టైటిల్ (యాజమాన్య) పత్రం నాలుగూ ఒకటే. 1981కి ముందరి కార్లకు 17 అక్షరాల విన్ ఉండదు, అందువల్ల మామూలు వాహన చరిత్ర నివేదికల్లో అవి దొరకవు. ఇలాంటి కాగితమే వాటికి జాతకం.

వారు అడిగింది 16,500. నేను రాసిన నివేదికలో ఖర్చుల పట్టిక జతచేసి ఇచ్చాను. బేరం మాత్రం తండ్రీ కొడుకులనే చేయమన్నాను, మధ్యవర్తి మాట్లాడితే అమ్మేవారు బిగుసుకుపోతారు. 13,900 దగ్గర తెగింది. 6 శాతం అమ్మకపు పన్ను 834 డాలర్లు, టైటిల్ తండ్రి పేరు మీద.

పనిలో ఎక్కువ ఆలోచన తీసుకున్నది బ్రేకులే. ముందు డిస్కులు వేయాలన్నది తేలికగానే ఖాయమైంది. 1973 నుంచి 1976 దాకా వచ్చిన ఇదే కుటుంబపు కార్ల డిస్క్ బ్రేకులు డస్టర్‌కు సరిపోతాయి, అయితే వాటితోపాటు స్పిండిళ్లు, పై బాల్ జాయింటు పెద్దది కనుక పై ఆర్ములు కూడా మార్చాలి. అసలు చిక్కు చక్రాల బోల్టుల వలయం. 1972 దాకా అది 4 అంగుళాలు, 1973 నుంచి డిస్కు బ్రేకులున్న కార్లకు 4½ అంగుళాలు. ముందు మాత్రమే మారిస్తే ముందుకొక రకం, వెనుకకొక రకం చక్రాలు అవుతాయి, డిక్కీలో స్టెప్నీ ఏదుంచినా సగం సార్లు పనికిరాదు. అర్ధరాత్రి హైవే పక్కన కుర్రవాడికి ఎదురు కాకూడని పరిస్థితి అది. పాత వలయానికే సరిపోయే డిస్కు కిట్లు బజారులో ఉన్నాయి కానీ, ఈ కారు వెనుక ఉన్నది సన్నపాటి 7¼ అంగుళాల (లోపలి పళ్ల చక్రం కొలత) యాక్సిల్, దానిమీద డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. చివరకు తుక్కు యార్డులో దొరికిన, ఇదే కుటుంబానికి చెందిన 1975 డాడ్జ్ డార్ట్ నాలుగు డోర్ల కారు నుంచి ముందు డిస్కు సామాను, వెనుక 8¼ అంగుళాల యాక్సిల్ రెండూ దింపించాం. స్ప్రింగు సీట్ల మధ్య దూరం ఒకటే కనుక యాక్సిల్ నేరుగా కూర్చుంది. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిచేయించాం. డిస్కులకు తగిన మాస్టర్ సిలిండరు, వాల్వు, అన్ని ఉక్కు గొట్టాలు, హోసులు కొత్తవి.

బెల్టుల విషయంలో 1969 గీత ఫలితం ఇక్కడ చేతికందింది. ఈ కారులో ఒడి బెల్టు, భుజం బెల్టు విడివిడిగా ఉంటాయి. భుజం బెల్టును చాలామంది పైకప్పు పక్కన క్లిప్పులోనే వదిలేస్తారు. ఫ్యాక్టరీ పైకప్పు పట్టీలో ఇచ్చిన బిగింపు స్థానాలనే వాడుకుని, తనంతట తాను చుట్టుకునే మూడు బిందువుల బెల్టులు బిగించాం. కొత్తగా రంధ్రాలు వేయాల్సిన పని పడలేదు. తల్లి వచ్చి సీట్లో కూర్చుని, బెల్టును గట్టిగా గుంజి చూసి, స్టీరింగు కాలమ్ గురించి మరోసారి అడిగి తెలుసుకున్నారు.

ఇంజను జోలికి పోలేదు. టైమింగ్ చెయిను, నీళ్ల పంపు, గొట్టాలు, కార్బురేటరు శుభ్రం, అంతే. చెయినుకు ఈసారి నైలాన్ లేని ఉక్కు చక్రాలు వేశాం. ఇగ్నిషన్‌లోని పాత కాంటాక్ట్ పాయింట్ల స్థానంలో క్రైస్లర్ తరువాత అన్ని కార్లకూ ఇచ్చిన ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాం. పెట్రోలులో సీసం లేకపోవడం వల్ల పాత వాల్వు సీట్లు అరిగిపోతాయన్న భయం చాలామందికి ఉంది. ఇది ఎక్కువ వేగంతో, ఎక్కువ భారంతో గంటలకొద్దీ నడిపే ఇంజన్లలో కనిపించే సంగతి, బడికి వెళ్లి వచ్చే కారుకు ఇప్పుడే హెడ్ దింపవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. హెడ్ ఎప్పుడు దింపినా అప్పుడు గట్టి సీట్లు వేయించుకుంటే సరి. విడిభాగాలు, టైర్లు, నా కూలీ కలిపి 5,200 డాలర్లు. కూలీలో కొంత అబ్బాయి పని కింద తగ్గించాను. తుప్పు పట్టిన బ్రేకు గొట్టాల నట్లు విరగకుండా విప్పడం అతనికి బాగా పట్టుబడింది.

అన్నీ పోగా బడ్జెట్టులో 2,066 డాలర్లు మిగిలాయి. వాటితో డిక్కీ రేకు, క్వార్టరు ప్యానెల్ చేయిద్దామని తండ్రి, 340 వారి చారల స్టిక్కర్లు వేయిద్దామని అబ్బాయి కొన్నాళ్లు వాదించుకున్నారు. స్టిక్కర్లు వేస్తే రేపు దీన్ని కొనేవాడి ముందు ఈ కారు కూడా ఆ షెవెల్‌లాగే నిలబడుతుందని నేనన్నాక అతనే మానుకున్నాడు. ఇప్పుడు కారు మొదటి వేసవి పూర్తిచేసుకుంది. నవంబరులో రోడ్ల మీద ఉప్పు పడకముందే ట్యాంకు నింపి, పెట్రోలు పాడవకుండా మందు కలిపి, బ్యాటరీ విప్పి గరాజ్‌లో పెట్టించాను. వసంతంలో మొదటి పని ఎడమ క్వార్టరు ప్యానెల్ అడుగు కోసి కొత్త రేకు వెల్డు చేయడం, ఆ తరువాత డిక్కీ బొక్క. ఈ రెండూ అయ్యాక చక్రాల ఎలైన్‌మెంటు మరొకసారి చూడాలి, ఎందుకంటే ముందు సస్పెన్షన్ వేసవి వాడకానికి కుదురుకుని ముందు ఎత్తు అర అంగుళం దిగింది.